పదిమంది అపరిచితులు

పోయినవారం మన మాస్టారిని మహా ఇరకాటంలో వదిలేసి వచ్చాం. తన గదిలో, తన కుర్చీలో కూర్చుని, ఎదురుగా నిలబడ్డ ఆవిడతో "సరేనమ్మా" అనేశాడు. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. ఆవిడ మాత్రం కొండంత ధైర్యం మూటగట్టుకుని, మెట్లు గబగబా దిగి వెళ్ళిపోయింది.

ఎవరావిడ, దేనికి సరే అన్నాడు అని ఈ వారమే కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. న్యాయమే. చెప్తాను.

మన మాస్టారు యూనివర్సిటీలో సొంత వ్యాపారం మొదలుపెట్టడం ఎలాగో నేర్పుతాడు. ఏ పిల్లాడు ఏ ఐడియా పట్టుకొచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒక్కటే. "బాగుంది. ఎవరు కొంటారు?" అందుకని పిల్లలు ఆయనకి 'ఎవరు-కొంటారు సార్' అని పేరు పెట్టేశారు. ఆయనకీ ఆ సంగతి తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా. ఆయన సబ్జెక్టుకి పరీక్ష ఉండదు. ఏదో ఒక వస్తువు సొంతంగా తయారుచేసి, ముక్కూమొహం తెలియని పదిమందికి అమ్మాలి. చుట్టాలు కొంటే లెక్కలోకి రాదు. ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో, కొన్నవాళ్ళ మాటల్లోనే క్లాసులో నిలబడి చెప్పాలి. కొన్నాళ్ళయ్యాక మళ్ళీ వాళ్ళ గుమ్మం తొక్కి, వాడుతున్నారా లేదా చూసి రావాలి.

ఆ క్లాసులో ఒక అమ్మాయి ఉంది. మాట రెండో బెంచీదాకా కూడా వినపడదు కాబట్టి తోటిపిల్లలు 'గుసగుస' అంటారు. ఓసారి వాళ్ళమ్మ చెయ్యి విరిగింది. కట్టు కట్టిన చేతికి చొక్కా తొడగలేక తల్లీకూతుళ్ళు నానా అవస్థ పడ్డారు. అప్పుడు ఈ పిల్ల ఒక చొక్కా భుజం నుంచి నడుందాకా పక్కన కోసేసి, అతుక్కునే పట్టీలు కుట్టింది. అదే ఆ పిల్ల వ్యాపారం. చెయ్యి విరిగినవాళ్ళకీ, భుజం ఆపరేషన్ అయినవాళ్ళకీ నొప్పిలేకుండా వేసుకునే చొక్కాలు. కుట్టేది వాళ్ళమ్మ. ఆవిడ యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఒంటి చేత్తో సంసారాన్ని ఈడ్చుకొస్తున్న మనిషి.

చొక్కా బంగారంలా ఉంది. అమ్మే నోరు మాత్రం పెగలదు. ఎముకల డాక్టరు క్లినిక్కు ముందు సంచీ పట్టుకుని, లోపలికి వెళ్ళలేక, ఇంటికీ పోలేక నిలబడ్డ ఆ పిల్లని మాస్టారు ఒకరోజు బస్సులోంచి చూశాడు. ఆయనకి జాలేసింది. ఆ సాయంత్రమే వాళ్ళ వదినగారికి ఫోన్ చేసి, "డబ్బు నేనిస్తాను, ఓ చొక్కా కొనండి, నా పేరు మాత్రం ఎత్తకండి" అన్నాడు. అలా మొదటి అపరిచితురాలు దొరికింది. తర్వాత బావమరిది. తర్వాత ఆయన జుట్టు కత్తిరించేవాడు. అలా పదిమందీ ఆయన మనుషులే.

ఇప్పుడు గుసగుస వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. ఎముకల ఆసుపత్రి నుంచి పెద్ద ఆర్డరు వచ్చిందట, నెలనెలా కావాలన్నారట. ఉద్యోగం మానేసి, షెడ్డు అద్దెకి తీసుకుని, పూర్తిగా ఈ పనిలోకే దిగుతుందట. "నాకు చదువు లేదు సార్. మీరు సరేనంటే రేపు కాగితం ఇచ్చేస్తాను" అంది. మాస్టారు సరేనన్నాడు. అదండీ సంగతి.

*

మర్నాడు పొద్దున్న మాస్టారు టీ గ్లాసు ముందు పెట్టుకుని, అందులో ఏదో మునిగిపోయినట్టు దానికేసే చూస్తున్నాడు.

"చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేసేది లేదు" అంది భార్య.

"ఊఁ."

"రాత్రంతా అటూ ఇటూ దొర్లారు. నాకూ నిద్ర లేకుండా చేశారు. ఏమంది ఆవిడ?"

చెప్పాడు. ఆవిడ చేతిలో ఉన్న గరిటె గిన్నెలో పెట్టేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. భర్త వెలగబెట్టే ఘనకార్యాలన్నీ తెలిసిన మనిషి. కొన్నవాళ్ళు కాక ఆ పది చొక్కాల గుట్టు తెలిసింది కూడా ఆవిడొక్కదానికే.

"ఉద్యోగం మానేస్తుందా?"

"ఆసుపత్రి ఆర్డరొచ్చింది కదోయ్. అది నిజం ఆర్డరు. దానికీ నాకూ సంబంధం లేదు. ఆలోచించి చూడు, నేనా పది కొనిపించబట్టే కదా ఆ పిల్లకి ధైర్యమొచ్చి ఆసుపత్రి దాకా వెళ్ళింది. తోపుడు కావాల్సిన బండిని తోశాం. బండి కదిలింది. ఇందులో తప్పేముంది?"

"తప్పేం లేకపోతే మరి టీ ఎందుకు దిగట్లేదు?"

మాస్టారు గ్లాసెత్తి ఒక్క గుక్కలో తాగి, మొహం చిట్లించి కింద పెట్టాడు.

"మీరు నన్ను ఒప్పించక్కర్లేదు" అంది ఆవిడ. "నేను మీ స్టూడెంటుని కాను. మొదటి చొక్కా మా అక్కచేత కొనిపించినప్పుడు, పాపం, మంచి మనసు అనుకున్నాను. రెండోది మా తమ్ముడిచేత కొనిపించినప్పుడు, పోనీలే అనుకున్నాను. తర్వాతవి ఎవరికోసం?"

"ఆ పిల్ల కోసమే."

"ఆ పిల్ల కోసమా? మీ డిపార్టుమెంటు పెద్దాయన ఈ కోర్సు ఎత్తేస్తానని ఎగిరెగిరి పడ్డప్పుడు మీరు ఇంటికొచ్చి ఎలా ఉన్నారో నాకు తెలీదా? అన్నం కూడా తినలేదు. ఆ తర్వాతే కదా చకచకా చొక్కాలు అమ్ముడుపోయాయి! ఆఖరికి ఆ నోట్లో నాలుక లేని పిల్లని స్టేజీ ఎక్కించి, చూడండి మా విద్యార్థిని అని చప్పట్లు కొట్టించుకున్నారు. చప్పట్లు ఎవరికి పడ్డాయండీ?"

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనా నాలుగు మాటలు అనేవాడు, గొడవ పడి ఇంట్లోంచి బయటపడేవాడు. ఆవిడ అంత నెమ్మదిగా అడిగేసరికి ఎటూ పోవడానికి లేకుండా పోయింది. జాలితోనే మొదలుపెట్టాడు, అబద్ధం కాదు. కానీ మూడో చొక్కా దగ్గర్నుంచీ పేరు కోసం కొనిపించాడు. ఆ ముక్క ఇంతవరకూ తనకి తానే చెప్పుకోలేదు.

"ఎప్పుడిస్తుందట కాగితం?" అంది భార్య.

"మధ్యాహ్నం మేనేజరు వస్తాడట. అప్పుడు."

"అయితే ఇంకా టైముంది. చెప్పేయండి."

"చెప్తే ఆ పిల్ల మళ్ళీ నోరెత్తదు. ఇప్పుడిప్పుడే కాస్త మాట్లాడుతోంది."

"చెప్పకపోతే వాళ్ళమ్మ ఉద్యోగం పోతుంది. ఏది పెద్దదో మీరే తేల్చుకోండి. మీరసలే పాఠాలు చెప్పేవాళ్ళు."

చెప్పులేసుకుంటూ మాస్టారు ఫోను తీశాడు. గుసగుస వాళ్ళమ్మ నంబరు దగ్గర వేలు ఆగింది. ముందు కూతురికి చెప్పడం మర్యాద కదా అనుకున్నాడు. అదొక సాకు. సాకని ఆయనకీ తెలుసు. అయినా ఫోను జేబులో పెట్టేశాడు.

*

క్లాసు మొదలైంది. ఒక కుర్రాడు లేచి, సైకిలు సీటు కింద పెట్టుకునే గొడుగు గురించి ఉత్సాహంగా చెప్పాడు. చెప్పడం అయ్యాక మాస్టారి కేసి చూస్తూ నిలబడ్డాడు. క్లాసంతా కూడా చూస్తోంది. అందరికీ తెలుసు ఇప్పుడేం వస్తుందో.

మాస్టారు ఆ ప్రశ్న అడగబోయాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. ఆఖరికి వెనక బెంచీల వాళ్ళే జాలిపడి, "ఎవరు కొంటారు?" అని కోరస్‌గా అందుకున్నారు. క్లాసు గొల్లుమంది. మాస్టారూ నవ్వబోయాడుగానీ నవ్వు మొహం మీదికి ఎక్కలేదు.

ఆ నవ్వుల్లోంచే ఇంకో కుర్రాడు లేచాడు. పోయినేడు ఈ సబ్జెక్టు తప్పి, మళ్ళీ కూర్చున్నవాడు. బక్కపల్చగా ఉంటాడు, ఎప్పుడూ వాదించడు.

"సార్, ఒక్క డౌటు. పోయినసారి నా పదో కస్టమరు మా మేనమామ తోడల్లుడని మీరు లెక్కలోంచి కొట్టేశారు కదా. నిజంగా ఆయన మా మేనమామ తోడల్లుడని నాకు తెలీదు సార్. నేను చేసిన బల్బు ఆయనకి అమ్మి ఇంటికొచ్చాక తెలిసింది. నేనే వచ్చి మీకు చెప్పాను. ఈసారి కూడా అలాంటిదేమన్నా జరిగితే, నేనుగా చెప్తే, లెక్కలోకి తీసుకుంటారా?"

మాస్టారు బోర్డు కేసి తిరిగి, అక్కడ ఏమీ లేకపోయినా తుడవడం మొదలుపెట్టాడు. నిజం చెప్పి తప్పినవాడు వీడు. వీణ్ణి తప్పించిన చేత్తోనే ఇంకోపక్క పది దొంగ అమ్మకాలు నడిపించాడు తను. తిట్టినా బాగుండేది. ఈ పిల్లాడు బతిమాలుతున్నాడు.

"తర్వాత మాట్లాడదాం. నువ్వు నా గదికి రా" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

కిటికీ పక్కన గుసగుస తలొంచుకుని కూర్చుని ఉంది. క్లాసంతా నవ్వినప్పుడు కూడా తలెత్తలేదు. ఆ సంగతి మాస్టారు గమనించాడుగానీ, తన గొడవలో తనుండి దానికి అర్థమేమిటో ఆలోచించలేదు.

*

పిల్లలు పనిచేసుకోవడానికి బిల్డింగు చివర ఒక పొడవాటి గది ఉంది. ఒకప్పుడు పాత కుర్చీలు పడేసేవాళ్ళు అందులో. మాస్టారే పోట్లాడి ఖాళీ చేయించి, బల్లలు వేయించాడు. క్లాసయ్యాక గుసగుస అక్కడే ఉంటుంది. కుట్టుమిషను పక్కన నిలబడి చొక్కాలు మడతపెడుతోంది. మడతపెట్టినవి పక్కన పేర్చి ఉన్నాయి. అవి చాలా ఉన్నాయని మాస్టారికి అప్పుడు అనిపించింది.

తలుపు దగ్గరికి వేసి, వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"అమ్మ ఫ్యాక్టరీకి వెళ్ళిందా?"

తలూపింది.

"నీతో ఒక మాట చెప్పాలమ్మా. ఇది నేనెప్పుడో చెప్పాల్సింది." ముఖం తుడుచుకున్నాడు. తరగతిలో గంటలకొద్దీ అనర్గళంగా మాట్లాడే మనిషికి నాలుగు మాటలు కూడగట్టుకోవడం ప్రాణం మీదికొచ్చింది. "నీ దగ్గర చొక్కాలు కొన్నారు చూడు, ఆ పదిమంది. వాళ్ళని నేనే పంపాను. మా వదినా, మా బావమరిదీ, ఇంకా అందరూ. వాళ్ళెవరికీ చెయ్యి విరగలేదు. నువ్వు కుంగిపోతున్నావని ఒకరిని పంపాను. ఆ తర్వాత ఆగలేకపోయాను. తప్పు చేశానమ్మా."

చెప్పేశాడు. గుండెల మీంచి బరువు దిగుతుందనుకున్నాడు. ఆ పిల్ల ఏడుస్తుందనీ, ఓదార్చాలనీ, ఆసుపత్రి ఆర్డరు మాత్రం నీ సొంత కష్టమమ్మా అని చెప్పి నిలబెట్టాలనీ దారిపొడుగునా మాటలు తయారుచేసుకున్నాడు.

గుసగుస చేతిలో చొక్కా మడత పూర్తిచేసి, దాన్ని మిగతావాటి మీద పెట్టింది.

"తెలుసు సార్" అంది.

ఎప్పట్లా మెల్లగానే అంది. కానీ ఆ గదిలో ఇద్దరే ఉండటంతో స్పష్టంగా వినపడింది.

"తెలుసా?"

"మళ్ళీ వెళ్ళి చూడమన్నారు కదా సార్, వాడుతున్నారో లేదో. నేను మొదటి ఆవిడ ఇంటికి వెళ్ళాను. భుజం అస్సలు పైకి లేవట్లేదని చెప్పి కొన్నారావిడ. నేను వెళ్ళేసరికి మేడ మీద రెండు చేతులూ పైకెత్తి దుప్పట్లు ఆరేస్తున్నారు. నన్ను చూసి గబుక్కున ఒక చెయ్యి దించేసి, అబ్బా అమ్మా అన్నారు." ఇంకో చొక్కా చేతిలోకి తీసుకుంది. "కొన్నప్పుడు నొప్పి కుడి చేతికన్నారు. ఆ రోజు ఎడమ చెయ్యి పట్టుకున్నారు."

ఇంకో సమయంలో అయితే మాస్టారు పడీపడీ నవ్వేవాడు. వాళ్ళ వదినకి నాటకాలు రావని ఊరందరికీ తెలుసు.

"లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చారు. గోడమీద పెద్ద గ్రూపు ఫోటో ఉంది. మధ్యలో మీరున్నారు సార్. అప్పట్లో మీకు జుట్టు బాగా ఉండేది. అయినా గుర్తుపట్టాను."

"మరి అప్పుడే వచ్చి నన్ను నిలదీయలేదేం?"

"మిమ్మల్నా సార్?" అంది. "మీరు నాకోసం చేశారు కదా. నిలదీస్తే మీకు అవమానంగా ఉంటుందనుకున్నాను. అదీకాక స్టేజీ మీద పేరు చదివేశారు అప్పటికే. అమ్మ మొదటి వరసలో కూర్చుంది. అమ్మ అంతలా చప్పట్లు కొట్టడం నేనెప్పుడూ చూళ్ళేదు."

మాస్టారికి ఆ పిల్ల మొహంలోకి చూడ్డానికి మొహం చెల్లలేదు. తనని అవమానం నుంచి కాపాడటానికి ఈ పిల్ల ఇన్నాళ్ళూ ఇంత గుట్టు కడుపులో పెట్టుకు తిరిగిందన్నమాట. ఛీ, ఏం బతుకు నాది అనుకున్నాడు.

"సరే, అయిందేదో అయింది" అన్నాడు, మళ్ళీ కాస్త పంతులుగొంతు తెచ్చుకుని. "ఆ పదీ పోతే పోయాయి. ఆసుపత్రి ఆర్డరుంది కదా. అది నువ్వు సంపాదించుకున్నది. దాన్ని ఎవరూ కాదనలేరు."

గుసగుస స్టూలు లాక్కుని కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ ఆర్డరు లేదు సార్."

"లేదంటే? వద్దన్నారా?"

"అసలు నేను ఆసుపత్రికే వెళ్ళలేదు."

మాస్టారు స్టూలు ముందుకి జరుపుకున్నాడు. బయట వరండాలో ఎవరో పిల్లలు బంతి గోడకేసి కొడుతున్నారు. 

"పది అయ్యాక పదకొండోది అమ్ముడుపోలేదు సార్. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, ఇవాళ ఎవరన్నా కొన్నారా అని అడిగేది. లేదమ్మా అంటే ఏమీ అనేది కాదు. కానీ మిషను మీద కూర్చోవడం మానేసింది. ఫ్యాక్టరీలో ఏదో మాట అన్నారట, అదీ తలుచుకుని కుమిలిపోయేది. నాకు చూడబుద్ధి కాలేదు." ఒళ్ళో పడ్డ దారప్పోగు ఏరేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. "మీరు నాకు చేసిందే నేను అమ్మకి చేద్దామనుకున్నాను సార్. ఆసుపత్రి ఆర్డరొచ్చిందని చెప్పేశాను. కొన్నాళ్ళు ధైర్యంగా ఉంటుంది, ఈలోపు నేను తిరిగి ఏదో ఒక నిజం ఆర్డరు తెస్తాను, అప్పుడు దీన్ని దానికింద కలిపేయొచ్చు అనుకున్నాను. అమ్మ ఉద్యోగం మానేస్తుందని కల్లో కూడా అనుకోలేదు."

"నిన్న మీ అమ్మ నా దగ్గరికొస్తుంటే నువ్వెందుకు ఆపలేదమ్మా?"

ఆ పిల్ల తలెత్తి, ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. క్లాసులో అడుగుపెట్టిన నాటి నుంచీ అలా చూడటం అదే మొదటిసారి.

"నేనే పంపాను సార్. మీరు అడుగుతారు కదా! ఏ ఆసుపత్రి, ఎవరు మాట్లాడారు, నువ్వు స్వయంగా వెళ్ళి చూశావా అని, మీరు ఎవర్నైనా అడుగుతారు. మీరు అడిగితే అమ్మ దగ్గర జవాబుండదు, ఇంటికొచ్చి నన్ను అడుగుతుంది, అక్కడితో ఆగిపోతుంది అనుకున్నాను. నాకై నేను చెప్పలేక మీ దగ్గరికి పంపాను. మీరు ఒక్కటి కూడా అడగలేదు. సరేనమ్మా అన్నారట. అమ్మ ఇంటికొచ్చి పాట పాడుకుంటూ బట్టలుతికింది సార్."

ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, మాట్లాడినట్టే ఏడ్చింది.

మాస్టారు లేచి కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. నిజమే, అడగలేదు. లోకంలో ఎవరేం చెప్పినా అడ్డు తగిలి ప్రశ్నించే మనిషి, నిన్న నోరు మూసుకున్నాడు. ఆసుపత్రి ఆర్డరు అన్న మాట వినపడగానే, హమ్మయ్య, నా పాపం కొట్టుకుపోయింది అనుకున్నాడు. అది నిజమై ఉండాలని ఎంత ఆశపడ్డాడంటే, నిజమో కాదో చూడాలన్న ఊసే రాలేదు. ఆ పది అబద్ధాలకన్నా ఈ ఒక్క 'సరేనమ్మా' ఎక్కువ కీడు చేసింది. 

"లే" అన్నాడు. "ఏడుపు తర్వాత. మేనేజరు వచ్చేలోపు మీ అమ్మని పట్టుకోవాలి. ఫోన్ చెయ్యి."

"డ్యూటీలో ఫోన్లు బయట బీరువాలో పెట్టించేస్తారు సార్."

"అయితే బండి మీద పోదాం. గేటు దగ్గర నన్ను లోపలికి రానిస్తారా? పోనీ, నువ్వు వెళ్ళి పిలుచుకురా, నేను చెప్తాను. నీమీద ఒక్క మాట పడనివ్వను. పద, పద."

బండి తాళాలు ఏ జేబులో ఉన్నాయో తెలీక అన్ని జేబులూ తడుముకుంటున్నాడు. గుసగుస కళ్ళు తుడుచుకుని, చెప్పులు వెతుక్కుంటోంది. అప్పుడే తలుపు ఎవరో బయటనుంచి తోశారు.

"ఇక్కడే ఉన్నారా! మీ గదికెళ్ళి చూసొచ్చాం సార్" అంది గుసగుస వాళ్ళమ్మ.

మొహం వెలిగిపోతోంది ఆవిడకి. ఫ్యాక్టరీలో వేసుకునే నీలంరంగు కోటు చేతిమీద మడిచి పట్టుకుంది, ఒంటిమీద లేదు. ఆవిడ వెనకాల ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు మొహమాటంగా నిలబడ్డారు. వాళ్ళ చేతుల్లోనూ కోట్లు ఉన్నాయి.

"అప్పుడే వచ్చేశావేంటమ్మా?" అంది గుసగుస.

"మేనేజరు ఇవాళ పెందలాడే వచ్చాడే. ఇంక ఆలస్యం ఎందుకని ఇచ్చేశాను. మొహాన కొట్టినట్టు ఇచ్చాననుకో!" అని నవ్వి, మాస్టారి వైపు తిరిగింది. "సార్, ఈవిడ మా కాలరు సెక్షను. ఈవిడ చేతులు కుడుతుంది. ఇద్దరూ పనిలో నంబర్ వన్. అన్ని చొక్కాలు నేనొక్కదాన్నీ కుట్టలేను కదా, మీరూ రండి అన్నాను. నా మాట మీదైతే వచ్చేవాళ్ళు కాదు. మీరు సరేనన్నారని చెప్తే వచ్చారు. ముగ్గురం ఒకేసారి మానేశాం."

కాలరు సెక్షను ఆవిడ పెద్దదే, జుట్టు నెరిసింది. రెండో ఆవిడకి పాతికేళ్ళు ఉంటాయేమో. ఆవిడే కాస్త ముందుకొచ్చి, "మా ఆయన ఒప్పుకోలేదండీ మొదట. యూనివర్సిటీ సారు చెప్పారంటే అప్పుడు ఊరుకున్నాడు. పని ఎప్పట్నుంచి మొదలండీ?" అని అడిగింది.

 ఒక్కరి ఉద్యోగం కాపాడదామని బయల్దేరబోయాడు. మూడు ఉద్యోగాలు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాయి.

"అమ్మా" అంది గుసగుస. "అమ్మా, నేను..."

"నువ్వాగు" అన్నాడు మాస్టారు. తనే ముందుకొచ్చి ఆ ముగ్గురి ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమనలేదు, కుర్చీలు చూపించలేదు. ఆ మర్యాదలు మొదలుపెడితే మళ్ళీ జారుకుంటానని భయం వేసింది. "ముందు నామాట వినండి. మీ అమ్మాయి దగ్గర కొన్న ఆ పదిమందీ నా మనుషులు. మా వదిన, మా బావమరిది, నాకు తెలిసినవాళ్ళు. నేను చెప్తేనే కొన్నారు. వాళ్ళెవరికీ ఆ చొక్కాలతో పనిలేదు. మీ అమ్మాయి పైకి రావాలని మొదలుపెట్టాను, తర్వాత నా పేరు కోసం చేశాను. నిన్న మీరొచ్చినప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. నేను మోసం చేశానమ్మా మిమ్మల్ని."

 నెరిసిన జుట్టావిడ తన కోటు ఇంకో చేతిలోకి మార్చుకుంది. గుసగుస వాళ్ళమ్మ మాస్టారి కేసి అలాగే చూసింది. తిడుతుందనుకున్నాడు. చెయ్యి చేసుకున్నా పడదామనుకున్నాడు.

ఆవిడ ఫక్కున నవ్వింది.

"ఓస్, ఇంతేనా! ఎంత భయపెట్టారు సార్!" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. "నాకు అప్పుడే అనుమానం వచ్చింది లెండి. కొన్నవాళ్ళలో ఒక్కరు కూడా సైజు మార్చమనలేదు. ఇన్నేళ్ళు కుట్టాను, అలాంటి కస్టమర్లని నేనెక్కడా చూళ్ళేదు. మా పిల్ల మీద ప్రేమతో చేశారు. దానికి మోసమని పెద్ద పెద్ద మాటలెందుకు? పోతే పోయాయి ఆ పది. మాకు ఆసుపత్రి ఉంది. ఆసుపత్రివాళ్ళంతా మీ చుట్టాలు కారు కదా?"

వెనక ఉన్న ఇద్దరూ కూడా నవ్వారు. చిన్నావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

మాస్టారు నవ్వలేదు.  నీమీద ఒక్క మాట పడనివ్వనని ఇందాకే ఆ పిల్లకి చెప్పాడు. ఇప్పుడు నిజం చెప్తే ఆ మాట తప్పినట్టు, చెప్పకపోతే ఈ ముగ్గురినీ నిలువునా ముంచినట్టు. వద్దు వద్దనుకుంటూనే ఆయన చూపు గుసగుస మీదికి పోయింది.

వాళ్ళమ్మ ఆ చూపు పట్టేసింది. నవ్వు ఆపి, చేతిమీది కోటు బల్లమీద పెట్టి, నెమ్మదిగా కూతురి వైపు తిరిగింది.

"ఏమే" అంది. "ఆసుపత్రిలో నీతో మాట్లాడింది ఎవరు?"